మసాజ్ పని నేర్చుకునేవాళ్లకు: బొటనవేలు కాపాడుకోండి

విజయవాడ, గుంటూరుల్లో ఈ పనికి దారులు రెండు. స్పాలో అయితే స్వీడిష్ మసాజ్ (నూనెతో ఒళ్లంతా నిమిరి, పిసికేది), కాళ్ల మసాజ్ లాంటివి. ఆయుర్వేద, ప్రకృతి చికిత్సాలయాల్లో అయితే అభ్యంగనం (ఒళ్లంతా నూనె మర్దన), శిరోధార (నుదుటి మీద నూనె ధార), కిళి (వేడి మూలికల మూటతో కాపడం). అక్కడ వైద్యుడు రాసిచ్చినట్టే చేయాలి, సొంత వైద్యం కుదరదు. ఏ కోర్సులో చేరినా ముందు ఒక్కటి అడగండి: రోజూ ఎంతసేపు మసాజ్ బల్ల దగ్గర నిలబెట్టి సాధన చేయిస్తారు, ఒక్కో బల్లకు ఎంతమంది? వారంలో సర్టిఫికెట్ ఇస్తామన్న చోట కాగితమే వస్తుంది, చెయ్యి తిరగదు.

ఈ పని మధ్యలో వదిలేసేవాళ్లలో చాలామందిని ఇబ్బంది పెట్టేది బొటనవేలి కీలు, నడుము. తప్పు చాలాసార్లు బల్ల ఎత్తుతోనే మొదలవుతుంది. పక్కన నిటారుగా నిలబడి చేయి వదిలేసి పిడికిలి బిగిస్తే, కణుపులు బల్లకు తగలాలి. బల్ల అంతకన్నా ఎత్తుంటే భుజాలు పైకి లేస్తాయి, భారమంతా వేళ్ల మీద పడుతుంది. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి పెట్టి, మోచేయి మరీ వంచకుండా ఒంటి బరువుతో ముందుకు వాలండి. లోతుగా నొక్కాల్సినచోట అరచేతి మడమ (మణికట్టు దగ్గరి దిబ్బ), ముంజేయి వాడండి. బొటనవేలు కండ బిగుసుకున్న చిన్న ముడి దొరికినప్పుడే, అదీ రెండో చేయి ఆసరాతో.

వీపుకు రెండు మూడు టీస్పూన్ల నూనె చాలు. ఎక్కువైతే చేయి జారి కండ పట్టు దొరకదు, తక్కువైతే వెంట్రుకలు లాగి మంట పుడుతుంది. నువ్వుల నూనెను వేడినీళ్ల గిన్నెలో గిన్నె పెట్టి వెచ్చబెట్టి, మీ మణికట్టు మీద చూసుకున్నాకే రాయండి. పొడవాటి నిమురులతో మొదలుపెట్టండి. కాళ్లూ చేతులకైతే ఒత్తిడి గుండె వైపుకే. కండ వెచ్చబడ్డాక పిసకడం, ఆ తర్వాతే లోతు. వెన్నుపూస ఎముక మీద, మెడ ముందు భాగంలో, మోకాలి వెనక గుంటలో నొక్కకూడదు. ‘నొప్పి పదికి ఎంతుంది?’ అని అడుగుతూ ఉండండి. ఏడు దాటితే తగ్గించండి. నొప్పికి ఊపిరి బిగబట్టిన మనిషి కండ సడలదు.

మన ఊళ్లకు మరో జాగ్రత్త: పచ్చిమిరపకాయలు కోసిన చేత్తో ఎవరి ముఖమూ ముట్టకండి. ఆ కారం నీళ్లకు పోదు, నూనెకు కరుగుతుంది. ముందు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి.

చేయకూడని మనిషిని గుర్తుపట్టడమే అసలు చదువు. ఒక్క పిక్క మాత్రమే వాచి, ముట్టుకుంటే వేడిగా, నొప్పిగా ఉందంటే, అందులోనూ ఈమధ్య ఆపరేషనో దూరప్రయాణమో అయిందంటే, రుద్దకండి. లోపల రక్తం గడ్డ ఉండొచ్చు, కదిలితే ఊపిరితిత్తులకు చేరొచ్చు. వెంటనే ఆసుపత్రికి పంపండి. జ్వరం, చర్మం అంటువ్యాధి, కొత్త దెబ్బ ఉన్నా ఆరోజుకు వద్దు. గర్భిణి అయితే డాక్టర్ మాట కావాలి.

పని చేస్తున్న భాగం తప్ప మిగతా ఒళ్లంతా దుప్పటితో కప్పి ఉంచండి.

ఉద్యోగానికి వెళ్తే చాలాచోట్ల మేనేజరే బల్లెక్కి చేయించుకుని చూస్తారు, గోళ్లు కత్తిరించుకుని వెళ్లండి. మీరూ వాళ్లను చూడండి: గోడ మీద కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ ఉందా, జీతం కాగితం మీద రాసిస్తారా? స్పా బోర్డు పెట్టి వేరే వ్యాపారం నడిపే చోట్లపై పోలీసుల దాడులు జరుగుతుంటాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమంటే జిరాక్సులే ఇస్తానని చెప్పండి. ఒప్పుకోకపోతే అక్కడ చేరొద్దు.