పాత అంబాసడర్ రీలు విప్పే ముందు జాగ్రత్తలు

స్వీడన్‌లో ఆబూ కంపెనీ తయారుచేసిన అంబాసడర్ 5000 లాంటి పాత చేపల రీలు (గాలపు కర్రకు బిగించి దారం చుట్టే పరికరం) చేతికొస్తే వెంటనే స్క్రూడ్రైవర్ అందుకోకండి.

• ముందు దారమంతా తీసేసి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. ఎక్కడ గరగరలాడుతోందో రాసుకోండి.

• బల్ల మీద తెల్ల తువ్వాలు పరవండి. ఒకసారి నా చేతిలోంచి గోరంత స్ప్రింగు ఎగిరిపోయింది. అది లేక రీలు నెలరోజులు డబ్బాలోనే ఉండిపోయింది.

• స్క్రూడ్రైవర్ మొన స్క్రూ గాడిలో వదులు లేకుండా కూర్చోవాలి. బిగుసుకుపోతే నూనె చుక్క వేసి రాత్రంతా వదిలేయండి. బలవంతం చేస్తే గాడి అరిగిపోతుంది, ఆ మచ్చ ఇక పోదు.

• ఒక్కో భాగం తీసినప్పుడల్లా ఫోటో తీయండి. డ్రాగ్ వాషర్ల (చేప లాగినప్పుడు దారం జారడాన్ని బ్రేకులా అదుపుచేసే బిళ్లల) వరుస మాత్రం రెండుసార్లు చూసుకోండి.

• ఎర్రటి పక్క పలకలు యానోడైజ్ చేసిన (కరెంటుతో పైపొర గట్టిపరిచి రంగు పట్టించిన) అల్యూమినియం. సోడా, ఘాటు క్లీనర్లు తగిలితే రంగు పోతుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తని బ్రష్ చాలు.

• 5000 మోడల్‌లో స్పూలు (దారం చుట్టుకునే చక్రం) బుష్‌ల (లోపల బంతులు లేని లోహపు గొట్టాల) మీద తిరుగుతుంది, 5000సీ మోడల్‌లో బాల్ బేరింగుల మీద. బేరింగులు, డ్రాగ్‌కు వేసే కార్బన్ వాషర్లు కొనే ముందు మోడల్, కొలతలు సరిచూసుకోండి. తీసిన పాత భాగాలు పారేయకుండా పేరు రాసి దాచండి.