కుక్కకైనా పిల్లికైనా మత్తు ఎక్కించే ముందు

బరువు కంటితో అంచనా వేయొద్దు, తూకం వేయండి. పిల్లికి అరకిలో తేడా కూడా పెద్దదే.

చాలావాటికి నరంలోకి ఎక్కించే మత్తుమందు ప్రొపోఫాల్ సరిపోతుంది. ముందుగా మత్తుమందు ఏదీ ఇవ్వని కుక్కకు కిలోకు సుమారు 6 మి.గ్రా., ఇచ్చి ఉంటే అంతకన్నా తక్కువే. ఒక్కసారిగా తోసేస్తే ఊపిరి ఆగుతుంది. కొంచెం ఎక్కించి, దవడ వదులైందా అని చూసి, మళ్లీ కొంచెం. నిమిషం పడితే పట్టనివ్వండి. ప్రిజర్వేటివ్ లేని వయల్ తెరిచి 6 గంటలు దాటితే పారేయాల్సిందే. ఖరీదని దాచుకునేవాళ్లు ఉంటారు, కానీ అందులో బ్యాక్టీరియా ఇట్టే పెరుగుతుంది.

పిల్లికి గుండె కండరం మందమయ్యే జబ్బు ఉందా? కెటమిన్ అనే మత్తుమందు జోలికి పోవద్దు. జబ్బు లేకపోయినా అదొక్కటే ఇస్తే ఒళ్లు బిగుసుకుంటుంది, కండరాలు వదులు చేసే డయాజిపామ్ తోడుండాలి.

గ్రేహౌండ్, ముధోల్ లాంటి సన్నటి వేటకుక్కలకు థయోపెంటోన్ అనే మత్తుమందు వద్దు; తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది. అది నరం బయటికి కారితే ఏ కుక్కకైనా చర్మం కుళ్లుతుంది, అందుకే ముందు సెలైన్ ఎక్కించి చూసుకోండి.

ముక్కు చప్పిడిగా ఉండి ఊపిరి దారి ఇరుకైన పగ్ వచ్చిందంటే నాకు ఇప్పటికీ టెన్షనే. 3 నుంచి 5 నిమిషాలు ఆక్సిజన్ పట్టి, ఊపిరికి గొంతులోంచి పెట్టే ట్యూబులు రెండు మూడు సైజులు పక్కన పెట్టుకున్నాకే సిరంజి ముట్టుకుంటాను.