తాటిబెల్లం: సగం పని లొట్టి దగ్గరే

బెల్లం ముద్ద కట్టక జిగురుగా మిగిలిపోతే అందరూ పాకాన్నే అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు ముందురోజు సాయంత్రం చెట్టుకు కట్టిన లొట్టిలో, అంటే రసం పట్టే మట్టికుండలో ఉంటుంది. తాటిచెట్టు పూగెల నుంచి కారే, ఇంకా పులియని తీపి రసమే నీరా. అందులో ఉన్నది ఎక్కువగా పంచదారలో ఉండే చక్కెరే. గాలిలోనూ పాత లొట్టి గోడల్లోనూ ఉన్న ఈస్ట్ దాన్ని విడగొడుతుంది. విడిపోయిన చక్కెర ఎంత కాచినా గడ్డకట్టదు. కల్లుకు అదే వరం, బెల్లానికి అదే శాపం.

గీతకు, అంటే గెల చెక్కి నీరా తీయడానికి, ఎక్సైజ్ అనుమతి ఉన్న చెట్లే పట్టండి. ఆడ చెట్టు గెల గీస్తే ఆ గెలకు ముంజలు రావు కాబట్టి, ఇంట్లో పిల్లలుంటే ఒకటి రెండు చెట్లు వదిలేయడం మంచిది. ఉదయం సాయంత్రం గెల కొసను ఉల్లిపొర మందాన మాత్రమే చెక్కాలి. మందంగా కోస్తే నీరా పెరగదు, గెల త్వరగా అయిపోతుంది. మంచు పడిన తెల్లవారు మట్టలు జారతాయి. ఎక్కేముందు మోకు (చెట్టెక్కే తాడు) అంతా తడిమి చూడండి.

ఇక లొట్టి. చెట్టుకు రెండేసి లొట్టిలు ఉంచుకుని రోజు మార్చి రోజు వాడాలి. దించినది మరిగే నీళ్లతో కడిగి, ఎండుగడ్డి మంట మీద బోర్లించి, రోజంతా ఎండబెట్టాలి. మట్టి పీల్చుకున్న పులుపు చన్నీళ్లకు పోదు. తర్వాత నీరా పులవకుండా లోపల అడుగు నుంచి సగం ఎత్తు దాకా తడి సున్నం పల్చగా పూయాలి. తాంబూలానికి వాడే సున్నమే వాడాలి. చేపల చెరువుల్లో చల్లే బస్తా సున్నం చవకే గానీ, అది తినేదానికి పనికిరాదు.

పొద్దెక్కకముందే దించి, ఒక్కో లొట్టినీ విడిగా పరీక్షించండి. తెల్ల కాగితం మీద పసుపు తడిపి రాసి ఆరబెట్టి, ఒక్క చుక్క నీరా వేయండి. పారాణిలా ఎర్రబడితే సున్నం సరిపోయింది. పసుపు పసుపులాగే ఉంటే పులుపు మొదలైనట్టే, నురగ కనబడకపోయినా సరే. దాన్ని మిగతావాటిలో కలపకండి. ఒక్క పులిసిన లొట్టి పెనమంతా పాడు చేస్తుంది.

మంచి నీరాను ఒక గంట కదపకుండా ఉంచి, పైన తేరినది రెండు మడతల గుడ్డలో వడకట్టండి. అందులో ఇంకా సున్నం ఉంటుంది. అలాగే కాస్తే బెల్లం నల్లబడి, చేదుగా సబ్బు రుచి వస్తుంది. అందుకని గోరువెచ్చగా చేసి, ఆహారానికి వాడే ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని పలచన చేసుకుని (ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో కాదు) చుక్కచుక్కగా వేస్తూ కలపాలి. పులుపు ఎంతుందో రంగుతో చూపే పీహెచ్ కాగితం మీద 7.5 దగ్గర ఆపండి. ఈసారి పసుపు కాగితం ఎర్రబడకూడదు. చెయ్యిజారి ఇంకా పుల్లనైతే, కాగేటప్పుడు ఆ ఆమ్లమే చక్కెరను విడగొడుతుంది, మళ్లీ జిగురే. ఎరువుల దుకాణంలో దొరికే సూపర్‌ఫాస్ఫేట్ వాడేవాళ్లున్నారు. అందులో వచ్చే మలినాలు బెల్లంలోకీ వస్తాయి, వద్దు. తెల్లగా విరిగిన మడ్డి అడుగుకు దిగాక మళ్లీ వడకట్టండి.

పెనం సగానికి మించి నింపకండి. మొదట మంట గట్టిగా పెట్టండి. కోనసీమలో కొబ్బరి డొక్కలకు, మట్టలకు కరువు లేదు. నురగ పొంగితే రెండు మూడు చుక్కల కొబ్బరినూనె చాలు. తేలిన మురికి తీసేస్తూ ఉండాలి. బుడగలు పెద్దవై, నెమ్మదిగా పగులుతూ ఉంటే మంట తగ్గించేయాలి. ఇక్కడ మాడితే వాసన దాచలేం. థర్మామీటరుంటే 118 డిగ్రీల సెల్సియస్ దగ్గర చూడండి. లేకపోతే చన్నీళ్లలో ఒక చుక్క వేసి వేళ్లతో నొక్కండి. సాగితే ఇంకా కాగాలి. గట్టి ఉండై, పళ్లెంలో వేస్తే టంగుమంటే దించేయాలి. 8 నుంచి 10 లీటర్ల నీరాకు కిలో బెల్లం వస్తుంది. అంతకన్నా బాగా ఎక్కువ వచ్చిందంటే నీళ్లు మిగిలాయన్నమాట.

దించాక చెక్క తెడ్డుతో పెనం అంచుకు రాస్తూ తిప్పుతుంటే మెరుపు పోయి పాకం మసకబారుతుంది. రవ్వ కడుతోందన్న గుర్తు అదే. అప్పుడు తడిపిన కొబ్బరి చిప్పల్లో పోయాలి. ఇంకా మెరుస్తుండగానే పోస్తే అడుగున తడి మిగులుతుంది, మరీ ఆలస్యమైతే తెడ్డుకే అంటుకుపోతుంది.

ఆరిన ముద్దలను ఎండిన తాటాకులో చుట్టి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టండి. తొలకరి నుంచి మన డెల్టా గాలిలో ఉండే తేమకు తాటిబెల్లం నీరు కారుతుంది. అందుకే వేసవిలో చేసింది వానలు పడకముందే అమ్మేయడం మేలు. ఇంటికి ఉంచుకున్నదాన్ని పొయ్యికి పైనున్న అటక మీద పెట్టండి, ఆ వేడికి పొడిగా ఉంటుంది.