మనంతట మనమే ఇంగ్లీషు – 7వ పాఠం: వండర్

తప్తపాణి చూసినవాళ్లకి ఈ పాఠం తొందరగా ఎక్కుతుంది. బరంపురం నుంచి ఘాట్ రోడ్డెక్కి వెళితే అడవి మధ్యలో వేడినీటి ఊట. నీళ్లు తగలగానే ముందు "అబ్బ!" అంటాం. కాసేపయ్యాక "కింద పొయ్యి లేదు, నిప్పు లేదు, ఈ నీళ్లెలా కాగుతున్నాయో!" అంటాం. మొదటిది ఆశ్చర్యం, రెండోది తెలుసుకోవాలన్న ఆరాటం. మనకి ఇవి రెండు వేరు వేరు సంగతులు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట: వండర్.

ముందు పలుకు చూద్దాం. డబ్ల్యూ పక్కన 'ఓ' అనే అక్షరం ఉంది కదా అని మన పిల్లలు 'వొండర్' అంటారు. కాదు, 'వండర్'. సన్ (కొడుకు), కమ్, లవ్ మాటల్లోనూ ఇంతే, రాసేది ఓ, పలికేది అ. పాత ఇంగ్లీషులో ఈ మాటని యూ అక్షరంతోనే రాసేవారు. చేతిరాత రోజుల్లో యూ, ఎన్, ఎమ్ పక్కపక్కన పడితే అన్నీ నిలువు గీతల్లా కలిసిపోయేవి. చదవడానికి వీలుగా యూ బదులు ఓ రాయడం అలవాటైందని చెబుతారు. ఓ బదులు ఏ రాస్తే మాత్రం అది వేరే మాట, 'వాండర్'. ఊరికే అటూ ఇటూ తిరగడం అని దానర్థం.

నామవాచకంగా దీంతో పెద్ద ఇబ్బంది లేదు. సెవెన్ వండర్స్ అంటే ఏడు వింతలు. 'ద చిల్డ్రన్ లుక్డ్ ఎట్ ద హాట్ వాటర్ ఇన్ వండర్' అంటే పిల్లలు ఆ వేడినీళ్లని అబ్బురంగా చూశారు అని. దీన్ని మన 'విడ్డూరం'తో మాత్రం కలపకండి. "ఇదేం విడ్డూరమమ్మా!" అన్నప్పుడు అందులో కొంచెం మందలింపు ఉంటుంది. వండర్‌లో అది లేదు.

అసలు పాఠం క్రియ దగ్గరే ఉంది. 'ఐ వండర్' అనేదాన్ని 'నేను ఆశ్చర్యపోతున్నాను' అని చదువుకుంటే ఎక్కువసార్లు తప్పుతాం. నిఘంటువులో ఆ అర్థమే ముందు కనబడుతుంది, అదే చిక్కు. దీనికి సరిపోయే తెలుగు ఒక మాట కాదు, ఒక అచ్చు: చివర వచ్చే 'ఓ'. ఎందుకో, ఎక్కడో, ఎవరో, వస్తుందో రాదో. పర్లాకిమిడి స్టేషన్‌లో నిలబడి "గుణుపురం బండి ఎందుకు లేటైందో" అనుకుంటాం. ఎవరినీ అడగడం లేదు, మనలో మనమే అనుకుంటున్నాం. ఇంగ్లీషులో అదే 'ఐ వండర్ వై ద ట్రెయిన్ ఈజ్ లేట్'. ఒడియా బళ్లో చదివిన పిల్లలకి ఇంకా సులువు, మనసులో 'కెజాణి' (ఏమో, ఎవరికి తెలుసు) అనుకునే చోట చాలాసార్లు 'ఐ వండర్' సరిపోతుంది.

వరస గమనించండి. 'వై ఈజ్ ద ట్రెయిన్ లేట్' అంటే ప్రశ్న. 'ఐ వండర్' ముందు చేరితే 'ఈజ్' వెనక్కి జరుగుతుంది, ప్రశ్న గుర్తు పోతుంది. వస్తుందో రాదో అన్నచోట 'ఇఫ్' పెట్టండి: 'ఐ వండర్ ఇఫ్ ద ట్రెయిన్ విల్ కమ్'. నేను చూసిన నోటు పుస్తకాల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే. ఇంకో తప్పు, 'ఐ వండర్డ్ టు సీ ద టెంపుల్'. గుడి చూసి ఆశ్చర్యపోయాను అనాలంటే 'ఐ వజ్ అమేజ్డ్ టు సీ' అనండి, ఏ టెన్షన్ లేదు.

'నో వండర్' నాకు చాలా ఇష్టమైన ప్రయోగం. 'అదీ సంగతి, మరి అవ్వదూ!' అన్నట్టు. మహేంద్రగిరి వైపు రాత్రంతా వాన కురిసింది, పొద్దున చూస్తే మహేంద్రతనయ నిండుగా పారుతోంది. 'నో వండర్ ద రివర్ ఈజ్ ఫుల్'. కారణం తెలిశాక ఆశ్చర్యం పోతుంది కదా, ఆ పోవడాన్నే ఈ రెండు మాటలు చెబుతాయి.

బ్యాంకులోనో ఆఫీసులోనో మర్యాదగా సాయం అడగాలంటే 'ఐ వజ్ వండరింగ్ ఇఫ్ యు కుడ్ హెల్ప్ మి'. ఇప్పుడు అడుగుతూ భూతకాలం ఎందుకంటారా? మనమూ "కాస్త సాయం చేస్తారేమోనని వచ్చానండి" అనే అంటాం. నేరుగా మీద పడకుండా ఒక అడుగు వెనక నిలబడి అడగడం.

పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ ఆ భాష నేర్చుకున్నారు. ఆయన గురించి ఇలా రాయొచ్చు: 'హి వండర్డ్ హౌ ద సవరాస్ స్పోక్, అండ్ హి లెర్న్డ్ దెయిర్ లాంగ్వేజ్'. ఇందులో వండర్డ్ ఆశ్చర్యమా, ఆరాటమా? నోటు పుస్తకంలో రాయండి. దాంతోపాటు ఈ మూడూ ఇంగ్లీషులోకి మార్చండి:

అమ్మ ఎక్కడుందో.
రేపు బడి ఉంటుందో లేదో.
రాత్రంతా చదివాడు, మరి నిద్ర రాదూ!

జవాబులు 8వ పాఠం మొదట్లో.