గుర్రపుడెక్క తీశాక మళ్ళీ పట్టకుండా: కాలువ గట్టు ఊళ్ళ కోసం

గుర్రపుడెక్కను కాలువలోంచి లాగడం ఎవరికైనా వచ్చు. లాగినదాన్ని ఎక్కడ వేశాం, పైనుంచి కొట్టుకొచ్చేదానికి ఏం అడ్డం కట్టాం, పదిహేను రోజులకు మళ్ళీ వెళ్ళామా లేదా, అసలు పనంతా ఈ మూడింటిలోనే ఉంది. మన ఎండకు, మన నీళ్ళలోని ఎరువుకు ఈ మొక్క దాదాపు రెండు వారాల్లో రెట్టింపవుతుంది. పదో వంతు వదిలేసి ఇంటికొస్తే ఆరు వారాల్లో మూడుసార్లు రెట్టింపై కాలువలో ఎనభై శాతం మళ్ళీ కప్పేస్తుంది.

ముందు బరువు లెక్క వేసుకోండి. 8 మీటర్ల వెడల్పున్న పంటకాలువలో 100 మీటర్ల ముక్క అంటే 800 చదరపు మీటర్లు. ఒత్తుగా అల్లుకున్నచోట చదరపు మీటరుకు 20 కిలోలు తేలిగ్గా తూగుతుంది. అంటే 16 టన్నులు. ఇది చూడకుండా కిలోమీటరు పెట్టుకుని మధ్యాహ్నానికి అలిసిపోయి, సగం తీసి సగం వదిలేసే ఊళ్ళే ఎక్కువ. ఇరవై మంది ఉంటే రోజుకు 100 మీటర్లకు మించి పెట్టుకోవద్దు. మొక్కలో పదింట తొమ్మిది వంతుల పైనే నీరు కాబట్టి రెండు రోజులు గట్టు అవతల వాడనిచ్చి ట్రాక్టరుకెత్తితే మోత బాగా తగ్గుతుంది.

పని మొదలుపెట్టే ముందు నీటి సంఘానికి, జలవనరుల శాఖ సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)కి, ఆ కాలువ చూసే లస్కరుకు చెప్పండి. కాలువలో అడ్డం కట్టాలంటే వాళ్ళ అనుమతి తప్పనిసరి. ఎప్పుడు నీరు పెంచుతారో, ఎప్పుడు తగ్గిస్తారో చెప్పగలిగేదీ వాళ్ళే.

అడ్డం కట్టడం

రెండు అడ్డాలు కావాలి. ఒకటి పని జరిగే చోటికి ఎగువన, కొత్తది రాకుండా. రెండోది దిగువన, తెగినది పక్క ఊరికి పోకుండా. దిగువ ఊరివాళ్ళతో తగవులు వచ్చేది ఈ రెండోది కట్టనప్పుడే. వదిలేసిన డెక్కంతా వాళ్ళ వంతెన కిందో లాకుల దగ్గరో పేరుకుంటుంది.

వెదురు గడలను జతలుగా కట్టి, ప్రతి 3 మీటర్లకూ మూత బిగించిన 20 లీటర్ల ఖాళీ క్యాను ఒకటి తగిలించండి. తాడు 10-12 మిల్లీమీటర్ల నైలాన్‌ది వాడండి. కొబ్బరి తాడు ఎప్పుడూ నీళ్ళలో నానుతుంటే కుళ్ళి తెగుతుంది. అడ్డాన్ని నేరుగా కాక ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీలు, ట్రాక్టరు రాగలిగే గట్టు వైపు దిగువకు వాలేలా వేయాలి. అప్పుడు ప్రవాహమే డెక్కను ఆ మూలకు తోస్తుంది, మీరు అక్కడే నిలబడి తీయొచ్చు. ఏటవాలు కాబట్టి 8 మీటర్ల కాలువకు 12 మీటర్ల అడ్డం పడుతుంది. గడల కింద అడుగున్నర లోతున పాత చేపల వల వేలాడదీసి అడుగున రాళ్ళు కట్టండి. వల లేకపోతే ప్రవాహం ఒత్తిడికి మొక్కలు గడల కిందనుంచి దూరిపోతాయి.

తాడును సరుగుడు గుంజలకు కట్టండి. కరెంటు స్తంభానికో లాకుల తలుపుకో వంతెనకో కట్టకూడదు. ఒక చివర ఒక్క లాగుతో ఊడే ముడి వేయండి. వాన హెచ్చరిక రాగానే పేరుకున్నదంతా తీసేసి అడ్డం విప్పేయాలి. వదిలేస్తే డెక్క గోడలా నిలబడి నీరు గట్టెక్కుతుంది, గండి పడుతుంది.

తీయడం

తాటి దోనెలోనో నాటు పడవలోనో ఇద్దరు ఎక్కి, పొడవాటి కర్రకు బిగించిన కొడవలితో అల్లికను మంచం అంత ముక్కలుగా కోసి వదలాలి. గట్టు మీదున్నవాళ్ళు ఇనప పళ్ళ దంతెలతో, కొక్కేలతో లాగాలి. ఈత రానివాళ్ళు నీళ్ళలో దిగకూడదు. వచ్చినవాళ్ళు కూడా ఒంటరిగా దిగకూడదు. అల్లికలో పాములుంటాయి. దిగే ముందు కర్రతో తట్టండి, గంబూట్లు వేసుకోండి. పాము కరిస్తే కట్టు కట్టకుండా, గాటు పెట్టకుండా, కాలు కదపనివ్వకుండా 108కు ఫోన్ చేయండి. కాళ్ళకు పుండ్లున్నవాళ్ళు గట్టు పనే చూసుకోవాలి. ఎలుకల మూత్రం కలిసిన నీటితో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది.

తీసినదాన్ని కాలువ వాలు మీద వేయడం అందరూ చేసే తప్పు. తడి గట్టు మీద మొక్క చాలా రోజులు బతికే ఉంటుంది, ఒక్క వానకు జారి నీళ్ళలో పడుతుంది. నీటి అంచుకు కనీసం 3 మీటర్లు అవతల, వేళ్ళు పైకి వచ్చేలా తిరగేసి పరవండి.

కలుపు మందు కొట్టే ఆలోచన వద్దు. డెల్టాలో మంచినీటి చెరువులు నిండేది ఈ కాలువలతోనే. పైగా చచ్చిన డెక్క అడుగుకు దిగి కుళ్ళితే నీటిలో ఆక్సిజన్ పడిపోయి చేపలు చస్తాయి.

ఎరువు చేయడం

గోతులు తవ్వకండి. మన దగ్గర కాస్త లోతుకే నీరు ఊరుతుంది. నేలమీద కుప్పే మంచిది: వెడల్పు మీటరున్నర, ఎత్తు మీటరు, పొడవు 3 మీటర్లకు తక్కువ కాకుండా. వాడిన డెక్కను అరచేతి వెడల్పు ముక్కలుగా నరికి, బరువులో ఆరు పాళ్ళు డెక్క, మూడు పాళ్ళు పేడ, ఒక పాలు ఎండు వరిగడ్డి పొరలుగా వేయండి. కోనసీమలో గడ్డి దొరక్కపోతే ఎండిన కొబ్బరి పొట్టు వాడొచ్చు. పైన తాటాకులు కప్పండి.

గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే నీరెక్కువ, కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది. తిరగేసి గడ్డి కలపండి. నాలుగైదు రోజులైనా వేడెక్కకపోతే పేడ చాలలేదు, లేదా ఎండిపోయింది. ఇనప చువ్వను నడిమికి గుచ్చి పది నిమిషాలాగి తీస్తే పట్టుకోలేనంత వేడి ఉండాలి. విత్తనాలు, కణుపులు చచ్చేది ఆ వేడికే. కుప్ప అంచులు వేడెక్కవు కాబట్టి 15, 30, 45 రోజులకు తిరగేసినప్పుడు బయటిది లోపలికి వెళ్ళాలి. రెండు, రెండున్నర నెలలకు మట్టి వాసన వస్తే సిద్ధం. ఇందులో పొటాష్ ఎక్కువ, అరటికి, కొబ్బరికి బాగా పనికొస్తుంది. కొబ్బరి చెట్టుకు ఏడాదికి 50 కిలోల వరకు పాదులో వేయొచ్చు.

ఒక్క జాగ్రత్త. ఈ మొక్క నీటిలోని భారలోహాలను పీల్చుకుంటుంది. పట్టణాల మురుగు, ఫ్యాక్టరీల నీరు కలిసే డ్రెయిన్లలో తీసినదాన్ని తినే పంటలకు వేయకండి, కంపోస్టు చేసినా లోహాలు పోవు. పశువులకూ పెట్టొద్దు.

ఊళ్ళో గోబర్ గ్యాస్ ప్లాంటు ఉంటే కొంత అందులోకీ వెళ్తుంది. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజూ 50 కిలోల పేడ, అంతే నీరు కావాలి. పేడలో ఐదో వంతుకు మించకుండా, బాగా నలగ్గొట్టిన డెక్కను కొద్దికొద్దిగా అలవాటు చేయండి. తొడిమల్లో గాలి బుడగలుంటాయి. నలగ్గొట్టకుండా వేస్తే పైకి తేలి తెట్టు కట్టి గ్యాస్ ఆగిపోతుంది.

మళ్ళీ వెళ్ళడం

వేసవిలో దాళ్వా (రబీ వరి) అయ్యాక కాలువలు కట్టేసినప్పుడు అడుగు మడుగుల్లో మిగిలిన మొక్కలను ఏరేయండి. అన్నిటికంటే తక్కువ కష్టంతో అయ్యే పని ఇదే. సార్వాకు (ఖరీఫ్ వరికి) నీళ్ళు వదిలాక మూడో వారంలో మళ్ళీ చూడాలి. బురదలో ఏళ్ళ తరబడి బతికుండే విత్తనాలు అప్పుడే మొలుస్తాయి. లేత మొక్కకు తొడిమల్లో బుడగలుండవు, సన్నని పట్టీల్లాంటి ఆకులతో తూములు, బోదెల మూలల్లో కనిపిస్తుంది. ఆ దశలో ఇద్దరు మనుషులు, రెండు గంపలు చాలు. అక్కణ్ణుంచి పదిహేను రోజులకొకసారి, నీళ్ళు కట్టేసేదాకా.