కేరాఫ్ 56 ఏపీఓ: సైన్యంలో ఉన్న మనవాళ్లకు ఉత్తరం, పార్సిల్ పంపే విధానం

డిసెంబరు వచ్చిందంటే అమలాపురం నుంచి భీమవరం దాకా ఏ పోస్టాఫీసు కౌంటర్ దగ్గరైనా వినిపించే మాట ఇది: "మావాడు మిలటరీలో ఉన్నాడండి. సంక్రాంతికి సెలవు దొరకలేదంట. అరిసెలు పంపుదామంటే ఈ అడ్రసులో ఊరి పేరే లేదేంటండీ?"

ఊరి పేరు ఉండదు. ఉండకూడదు కూడా. తాడేపల్లిగూడెం దగ్గర అందరూ మిలటరీ మాధవరం అని పిలిచే ఊళ్లో అయితే ఈ సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంటి నుంచి మొదటిసారి ఒకరు సైన్యంలో చేరిన కుటుంబాలకు మాత్రం అంతా కొత్తే. వాళ్ల కోసం ఈ వివరం.

ఉత్తరానికైనా పార్సిల్‌కైనా ప్రత్యేకమైన దరఖాస్తు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. జవాను ఇచ్చిన చిరునామా, మీ పూర్తి చిరునామా, ఇద్దరి ఫోన్ నంబర్లు ఉంటే చాలు. పంపాల్సింది పోస్టాఫీసు నుంచే. ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) చిరునామాలకు చేర్చే ఏర్పాటు ప్రైవేటు కొరియర్లకు లేదు. కాబట్టి ఇంటి పక్కనే కొరియర్ ఆఫీసు ఉన్నా అక్కడ సమయం వృథా చేసుకోకండి.

అడ్రసు ఎలా రాయాలి

పార్సిల్ తిరిగొచ్చిందంటే చాలాసార్లు తప్పు ఇక్కడే ఉంటుంది. వరస ఇలా ఉండాలి:

సర్వీస్ నంబరు, ర్యాంకు, పూర్తి పేరు
కంపెనీ లేదా బ్యాటరీ లేదా స్క్వాడ్రన్ పేరు
యూనిట్ పేరు
పిన్: 9తో మొదలయ్యే ఆరంకెలు
కేరాఫ్ 56 ఏపీఓ (లేదా కేరాఫ్ 99 ఏపీఓ)

అంతే. దీని కింద జిల్లా, రాష్ట్రం ఏమీ రాయక్కర్లేదు. చాలామంది మంచి ఉద్దేశంతోనే, త్వరగా చేరుతుందని, ఫోన్లో విన్న ఊరి పేరు కూడా చివర చేరుస్తారు. లేహ్ అనో, తవాంగ్ అనో రాస్తే రెండు నష్టాలు. యూనిట్ ఎక్కడుందో కవరు మీదే చెప్పేసినట్టవుతుంది. పైగా సార్టింగ్‌లో పిన్ ఒక దారి, ఊరి పేరు ఒక దారి చూపిస్తాయి. జవాను వాట్సాప్‌లో పంపిన అడ్రసును ఉన్నది ఉన్నట్టు దించండి. మీ తెలివి దానికి జోడించొద్దు.

పిన్ కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. మన డెల్టాలో 533, 534తో మొదలయ్యే నంబర్లు ఊళ్లకు చెందినవి. 9తో మొదలయ్యేవి సైన్యానికి కేటాయించినవి, అవి యూనిట్లకు చెందుతాయి. అందుకే యూనిట్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలినా మీ దగ్గరున్న పిన్ మారదు. అబ్బాయి వేరే యూనిట్‌కు బదిలీ అయితే మాత్రం కొత్త అడ్రసు అడిగి తీసుకోండి.

పాలకొల్లులో మీరు ఇచ్చిన కవరు మీద 56 ఏపీఓ అని ఉంటే అది ఢిల్లీలోని సెంట్రల్ బేస్ పోస్టాఫీసుకు వెళ్తుంది. 99 ఏపీఓ అయితే కోల్‌కతాలోని రెండో బేస్ పోస్టాఫీసుకు. అక్కడిదాకా మామూలు తపాలాయే. అక్కడి నుంచి ఆర్మీ పోస్టల్ సర్వీస్ అందుకుంటుంది. 1972 మార్చి 1న విడిగా ఒక కోర్‌గా ఏర్పడిన ఈ విభాగంలో తపాలా శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వెళ్లినవాళ్లే ఎక్కువ. ఏ పిన్ యూనిట్ ఇవాళ ఎక్కడుందో వాళ్లకు తెలుసు. సంచీ ఫీల్డ్ పోస్టాఫీసుకు చేరాక, యూనిట్ తరఫున డాక్ తీసుకెళ్లే మనిషి వచ్చి పట్టుకెళ్లి పంచుతాడు. మన ఊరి పోస్ట్‌మాన్‌లా నేరుగా మనిషి దగ్గరికి వచ్చి ఇచ్చే పద్ధతి కాదు. ఈ సంగతి గుర్తుంటే కింద చెప్పే ఓటీపీ విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

పేరు విషయంలో ఇంకో చిక్కుంది. మన ఇళ్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు రాస్తాం. సైన్యం రికార్డులో అదే పేరు విడదీసి, వేరే వరసలో ఉండొచ్చు. ఇంట్లో పిలిచే "చిన్నబ్బాయి", "పండు" అక్కడ ఎవరికీ తెలియదు. ఒకే యూనిట్‌లో ఒకే పేరున్న వాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండటం మామూలే. వాళ్లలో మనవాడెవరో తేల్చేది సర్వీస్ నంబరే, కాబట్టి అది లేకుండా కవరు అంటించకండి. అడ్రసు ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో రాయండి, ఢిల్లీలో సార్టింగ్ చేసేవాళ్లకు తెలుగు రాకపోవచ్చు. లోపలి ఉత్తరం ఎంచక్కా తెలుగులోనే రాసుకోవచ్చు.

ఇంకా శిక్షణలో ఉంటే, నేవీలో ఉంటే

కొత్తగా అగ్నివీర్‌గా చేరి శిక్షణలో ఉన్నవాళ్లకు ఏపీఓ కాకుండా శిక్షణ కేంద్రం మామూలు చిరునామాయే ఉంటుంది. గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్, సికింద్రాబాద్‌లోని ఈఎంఈ సెంటర్, నీలగిరుల్లో వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ అలాంటివే. అక్కడికి తినుబండారాలు పంపేముందు అబ్బాయినో, కేంద్రాన్నో అడగండి. ఉత్తరాలకు ఆ ఇబ్బంది ఉండదు.

నేవీలో ఓడ మీద ఉన్నవాళ్లకైతే నంబరు, ర్యాంకు, పేరు, ఓడ పేరు రాసి, కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్ అని రాస్తారు. తూర్పు తీరం ఓడలకు అది విశాఖపట్నంలో ఉంది. ఓడ సముద్రం మీద ఉన్నన్నాళ్లూ తపాలా ఒడ్డునే ఆగుతుంది. విశాఖ మనకు దగ్గరే కదా, రెండ్రోజుల్లో తింటాడులే అని పాలకోవా పెట్టకండి. ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు కొందరికి స్టేషన్ చిరునామా, కొందరికి ఏపీఓ ఉంటుంది. వాళ్లు ఏది చెబితే అది.

డబ్బాలో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

గోదావరి జిల్లాల వాళ్లకు పార్సిల్ అంటే పిండివంటలే. పెట్టండి, తప్పులేదు. కాకపోతే రెండు మూడు వారాలు దారిలోనే ఉంటుందనుకుని సర్దండి.

జంతికలు, చేగోడీలు, గవ్వలు, సున్నుండలు, బెల్లం పాకం గట్టిగా పట్టిన అరిసెలు బాగా నిలుస్తాయి. అరిసెల్లో నూనె పూర్తిగా వత్తేసి, ఒక రోజంతా ఆరనిచ్చాకే సర్దాలి. వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ పట్టి, డబ్బా తెరిచేసరికి బూజు వాసనే మిగులుతుంది. కాజా పంపాలనుకుంటే తాపేశ్వరం మడత కాజా పంపండి. గొట్టం కాజాలో పాకం నిండుగా ఉంటుంది, అది కారి పక్కవాళ్ల ఉత్తరాలను కూడా తడిపేస్తుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది సరే, దారిలో ఎత్తేయడం దించేయడం మాత్రం తట్టుకోలేవు. తప్పదనుకుంటే గట్టి స్టీలు టిఫిన్‌లో కదలకుండా సర్ది, ఆ టిఫిన్‌ను అట్టపెట్టెలో పెట్టి చుట్టూ కాగితాలు కుక్కండి. అయినా చేరేది పూతరేకుల పొడేమో, ముందే చెబుతున్నా. రుచి అదే కాబట్టి ఎవరూ పారేయరనుకోండి.

ఆవకాయ, గోంగూర పచ్చళ్ల దగ్గరే కౌంటర్‌లో గొడవ వచ్చేది. నూనె తేలే పచ్చడి గాజు సీసాలో వద్దు. అంగట్లో గాలి తీసి సీల్ చేసే ప్యాకెట్లలో వేయించి, ఆ ప్యాకెట్‌ను మరో కవర్లో పెట్టి, మధ్యలో పాత నూలు గుడ్డ చుట్టండి. అసలు నన్నడిగితే పచ్చడి కంటే పొడులే నయం. కందిపొడి, కరివేపాకు పొడి, మునగాకు పొడి, నల్లకారం ఉంటే మెస్‌లో వండిన ఏ అన్నమైనా మన అన్నమే అవుతుంది. ఎండు రొయ్యలు పంపేవాళ్లు మూడు పొరలు చుట్టండి. వాసన బయటికొస్తే గోదాములో ఎలుకలు మీకన్నా ముందు పార్సిల్ విప్పుతాయి.

కోనసీమ వాళ్లు ప్రత్యేకంగా గమనించాల్సింది ఎండు కొబ్బరి. నూనె ఎక్కువ కావడం వల్ల అది తనంతట తాను వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. విమాన ప్రయాణికులను కూడా చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వరు. స్పీడ్ పోస్ట్ చాలావరకు విమానంలోనే వెళ్తుంది కాబట్టి కురిడీలు, ఎండు కొబ్బరి చిప్పలు తీసేయండి. దేవుడి పటంతో పాటు కర్పూరం, అగ్గిపెట్టె పెట్టే అలవాటు ఉంది, అవీ కుదరవు. విభూది, కుంకుమ పొట్లాలకు అభ్యంతరం లేదు. అన్నవరం ప్రసాదం ఆకులో కట్టింది అన్ని రోజులు నిలవదు.

సెంటు సీసాలు, స్ప్రేలు, లైటర్లు, పవర్ బ్యాంకులు, విడి బ్యాటరీలు, మద్యం సీసాలు వద్దు. నగదు కవర్లో పెట్టకండి.

ఉన్ని మేజోళ్లు, పెదవులకు రాసుకునే క్రీము, కొబ్బరినూనె బదులు వాజ్‌లైన్ డబ్బా, పెన్నులు, తెలుగు వారపత్రికలు, పిల్లలు వేసిన బొమ్మలు నిక్షేపంగా పెట్టొచ్చు. పరిమాణం విషయానికొస్తే, మనవాడు ఒక్కడే తింటాడని లెక్కేయకండి. బ్యారక్‌లో డబ్బా తెరిస్తే బీహార్ వాడూ వస్తాడు, కేరళ వాడూ వస్తాడు. అలాగని గంపెడు పెట్టినా అక్కడ మోసుకెళ్లేది ఒక మనిషే. స్పీడ్ పోస్ట్‌లో 35 కిలోల దాకా తీసుకుంటారు గానీ, ఐదు కిలోల లోపు ఉంచడం అందరికీ సుఖం.

కౌంటర్ దగ్గర

పెట్టెను ఇంటి దగ్గరే టేపు చుట్టేసి తీసుకెళ్లకండి. లోపల ఏముందో చూపించమంటే మళ్లీ కోయాలి. తెరిచి తీసుకెళ్లి, చూపించి, అక్కడే అంటించండి. టేపు, మార్కరు మీ దగ్గరుంచుకోండి. పాతకాలంలోలా తెల్ల గుడ్డలో కుట్టి పంపినా మంచిదే, పెట్టె చినిగినా సరుకు చెదరదు. అడ్రసు పైన ఒకటి, లోపల చీటీ మీద ఒకటి రాసి పెట్టండి. పైన కాగితం ఊడిపోతే లోపలిది ఆదుకుంటుంది.

ఊళ్లోని బ్రాంచి పోస్టాఫీసులో ఉత్తరాలు, చిన్న స్పీడ్ పోస్ట్ ఇవ్వొచ్చు. బరువైన పెట్టెకు దగ్గరి సబ్ పోస్టాఫీసో, హెడ్ పోస్టాఫీసో మేలు. రసీదు మీద పిన్ 9తో మొదలైందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. ఒక్క అంకె తప్పుపడితే అరిసెలు ఇంకెవరి యూనిట్‌కో వెళ్తాయి.

"రిజిస్టర్ చేయండి" అని అడిగే పెద్దవాళ్లకు: 2025లో రిజిస్టర్డ్ పోస్ట్‌ను స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు. ఇప్పుడు స్పీడ్ పోస్ట్ చేసి, రిజిస్ట్రేషన్ కావాలని అదనంగా అడగాలి. దానికి 5 రూపాయలు, పన్ను వేరు. అలాంటిదే ఓటీపీ డెలివరీ కూడా ఉంది. దాన్ని ఏపీఓ పార్సిల్‌కు పెట్టించుకోకండి. సిగ్నల్ లేని చోట ఉన్నవాడి ఫోన్‌కు ఓటీపీ వెళ్లి లాభమేంటి? పైగా పార్సిల్ తీసుకునేది యూనిట్ మనిషి. స్పీడ్ పోస్ట్‌లో 50 గ్రాముల లోపు కవరుకు దేశంలో దూరప్రాంతానికి 47 రూపాయలు, పన్ను అదనం. రాఖీ కవరు ఇందులో హాయిగా వెళ్తుంది. పార్సిల్ ఖర్చు బరువు, దూరాన్ని బట్టి తూకం వేసి చెబుతారు.

తొందర లేని ఉత్తరానికి ఇవేవీ అక్కర్లేదు. ఇన్‌లాండ్ లెటర్ రెండున్నర రూపాయలు, మామూలు కవరు 20 గ్రాముల దాకా 5 రూపాయలు. ఇన్‌లాండ్‌లో ఫొటో, రాఖీ దారం లాంటివి దూర్చకూడదు, కవరు వాడండి. వీడియో కాల్ ఉండగా ఉత్తరమెందుకు అనేవాళ్లు ఒకసారి మంచు కొండల మీద పోస్టులో ఉండి వచ్చినవాణ్ని అడిగి చూడండి. కాల్ కట్టయితే అంతే, కాగితమైతే జేబులో ఉంటుంది. వరి కోత ఎంతవరకొచ్చింది, కాలవ ఎప్పుడు కట్టేశారు, చెల్లి సంబంధం సంగతేమైంది, ఇవన్నీ రాయండి. "ఎక్కడున్నావ్, ఎటు వెళ్తున్నారు" అని మాత్రం రాతలో అడగొద్దు. పార్సిల్ కట్టిన ఆనందంలో అడ్రసు కనిపించేలా ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టొద్దు.

ఎప్పుడు పంపాలి

సంక్రాంతికి అందాలంటే డిసెంబరు మొదటి వారంలోపు, లద్దాఖ్ వైపైతే నవంబరులోనే పంపండి. చలికాలంలో మంచుకు జోజి లా కనుమ మూసుకుపోతుంది, విమానాలు వాతావరణం చూసుకుని ఎగురుతాయి. రాఖీకి నెల ముందు చాలు. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొచ్చి అబ్బాయిని పిలిపించాలంటే ఉత్తరం నమ్ముకోకండి. యూనిట్ ఇచ్చిన ఫోన్ నంబరుకు చేయండి. అది దొరక్కపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి.

తెలిసినవాళ్లెవరూ లేకపోయినా జవాన్లకు ఏదైనా చేయాలనుకునేవాళ్లు ముక్కూ మొహం తెలియని యూనిట్‌కు పెట్టెలు పంపడం మంచిది కాదు. ఎవరు పంపారో తెలియని పార్సిల్‌ను వాళ్లు అనుమానంగా చూడాల్సిందే కదా. అదే సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి, లేదంటే డిసెంబరు 7న జరిగే సాయుధ దళాల పతాక దినోత్సవ నిధికి ఇవ్వండి.

పార్సిల్ చేరకపోతే

రసీదు మీద రెండు అక్షరాలతో మొదలయ్యే 13 అక్షరాల నంబరు ఉంటుంది. దాంతో ఇండియా పోస్ట్ సైటులో ట్రాక్ చేయొచ్చు. ఢిల్లీ లేదా కోల్‌కతా దాటాక ట్రాకింగ్ కదలడం లేదనిపిస్తే వెంటనే టెన్షన్ పడకండి. అక్కడి నుంచి సైనిక తపాలా దారి, మన ఊళ్ల మధ్య డాక్‌లా ప్రతి మజిలీ కనిపించకపోవచ్చు. ముందు అబ్బాయిని అడగండి. సెలవు మీదో, కోర్సుకో వెళ్లి ఉంటే పార్సిల్ యూనిట్‌లో ఎదురు చూస్తూ ఉండొచ్చు.

"మీ పార్సిల్ అడ్రసు తప్పుంది, ఈ లింకులో డబ్బు కట్టండి" అని మెసేజ్ వస్తే అది మోసం. అలాంటి లింకు ముట్టుకోకండి. నెల దాటినా జాడ లేకపోతే రసీదుతో బుక్ చేసిన పోస్టాఫీసులోనే ఫిర్యాదు రాసివ్వండి, లేదా 1800 266 6868 టోల్‌ఫ్రీ నంబరుకు చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. పార్సిల్ అందిందని అబ్బాయి చెప్పేదాకా ఆ రసీదు పారేయకండి. రసీదు అక్షరాలు ఎండకు వెలిసిపోతాయి కాబట్టి ఫోన్లో ఒక ఫొటో తీసి ఉంచుకోండి.