ఈనో రాకెట్‌కి కుండ నీళ్లు

అనంతపురం ఎండల్లో పిల్లలకి ఈనో పొడి, నీళ్లతో డబ్బాని ఎగరేసే ఈనో రాకెట్ చూపిస్తున్నారా? మిద్దె మీది ట్యాంకు నీళ్లు మాత్రం వాడకండి. ఆ వేడికి మూత బిగించేలోపే పొంగిపోతుంది, నా చొక్కానే సాక్షి. కుండ నీళ్లయితే ఈనోలోని సోడా, సిట్రిక్ యాసిడ్ కాస్త నెమ్మదిగా కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, మనం వెనక్కి జరగడానికి టైం దొరుకుతుంది.

నొక్కితే పట్టే మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా చాలు. మర మూత, గాజు సీసా వద్దే వద్దు. పావు వంతు నీళ్లు పోసి, టిష్యూ కాగితంలో చుట్టిన ఈనో పొడి వేసి, మూత నొక్కి తలకిందులుగా నేల మీద పెట్టండి. కళ్లకి అద్దాలు తప్పనిసరి. జనం పది అడుగుల అవతలే. లేవకపోతే తొంగిచూడొద్దు, రెండు నిమిషాలు ఆగండి.

శ్రీహరికోటలో పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశ ఘన ఇంధనాన్ని మండించి వాయువును కిందికి తోస్తుంది. ఇక్కడ మంట లేదు, తోపు సూత్రం మాత్రం అదే.